నా కథలో పిల్ల నల్లగానే ఉంటుంది

నా పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్ళకు నేనంటే కాస్త భయం. రాతప్రతి ఇచ్చేటప్పుడే "ఈ కథలో పిల్ల నల్లగా ఉంటుంది, మరిచిపోకండి" అని చెబుతాను. అలాగేనండీ అంటారు. తీరా ముఖచిత్రం వచ్చేసరికి ఆ పిల్ల గోధుమరంగులోకి మారి ఉంటుంది. తిప్పి పంపిస్తాను. ఈసారి చామనఛాయలో వస్తుంది. మళ్ళీ తిప్పి పంపిస్తాను. "నలుపు వేస్తే పిల్లలు పుస్తకం పట్టుకోరండీ" అని ఒక ప్రచురణకర్త నాకు నచ్చజెప్పబోయాడు. ఏ పిల్లలు అని అడిగాను. ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

నాకు ముక్కుమీద కోపమని, పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలకు కథలు రాసుకునే మనిషికి ఇంత మొండితనం దేనికని వెనకాల అనుకుంటారని తెలుసు. అనుకోనివ్వండి. ఈ మొండితనం నిన్న మొన్న వచ్చింది కాదు. తిరుపతిలో నేను చదివిన బడి వార్షికోత్సవం నాడు వచ్చింది. ఆ సంగతి ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళకు ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇప్పుడు మొదటినుంచీ చెబుతాను.

మాది పాకాల దగ్గర ఒక పల్లెటూరు. మేము మాలవాళ్ళం. నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్, ఎండనకా వాననకా పట్టాల మీద పని. అమ్మ వేరుశెనగ చేలకు కూలికి పోయేది. నేను పెద్దదాన్ని. నా తర్వాత చాలా ఏళ్ళకు చెల్లెలు పుట్టింది. మా ఇంట్లో అందరం నలుపే. నాయన నన్ను "నల్లపాపా" అని పిలిచేవాడు. ఆ పిలుపులో ఎంత ముద్దు ఉండేదంటే, బళ్ళో చేరేదాకా ఆ మాట తిట్టుగా కూడా పనికొస్తుందని నాకు తెలియదు.

ఊరిబడి వరండాలో ఒక మూల ఇసుక పోసి దానిమీద నీళ్ళకుండ పెట్టేవాళ్ళు. కుండ మీద మూత, మూత మీద అల్యూమినియం గ్లాసు. ఊళ్ళో పిల్లలు వచ్చి గ్లాసు ముంచుకుని తాగిపోయేవాళ్ళు. మా వాడ పిల్లలం మాత్రం వరండా మెట్టు కింద నిలబడి దోసిలి పట్టాలి. ఎవరో ఒకరు పైనుంచి పోయాలి. అడగడానికి ఒక పద్ధతి కూడా ఉండేది. పోసేది మాకంటే చిన్నపిల్ల అయినా సరే, "అక్కా, రవ్వన్ని నీళ్ళు పొయ్యక్కా" అనాలి. నాలుగో తరగతి చదివే నేను, పలక కూడా సరిగ్గా పట్టుకోలేని పిల్లను అక్కా అని పిలిచాను. కొందరు మంచిగానే పోసేవాళ్ళు. కొందరు కావాలని గబగబా కుమ్మరించి, నీళ్ళు ముక్కులోకి పోయి మేము పొలమారితే నవ్వేవాళ్ళు. ఎవరికీ పోసే తీరిక లేకపోతే గంట కొట్టేదాకా నిలబడి, ఎండిన నోటితోనే లోపలికి పోయేవాళ్ళం.

మా చెయ్యి కుండకు తగిలితే ఆ కుండ ఇంక పనికిరాదు. అయ్యవారు దాన్ని బయట రాళ్ళ మీద పగలగొట్టించి కొత్తది తెప్పించేవారు. నా ఎరుకలో అలా ఒక్కసారే జరిగింది. పరుగెత్తుకొస్తూ కాలు జారి కుండ మీద చెయ్యి వేసిన మా వాడ పిల్లవాడు మళ్ళీ బడికి రాలేదు. పశువుల వెంట పోయాడు. కుండ పగిలిన చప్పుడు మాత్రం మా అందరికీ బాగా గుర్తుండిపోయింది.

ఎనిమిదో తరగతికి నన్ను తిరుపతిలో హరిజన బాలికల హాస్టల్లో చేర్పించారు. అప్పట్లో బోర్డు మీద ఉన్న మాట అదే. డెబ్బైల చివరి సంవత్సరాలు. అక్కడి ఆడపిల్లల బడిలో నీళ్ళకుండ లేదు, కుళాయి ఉంది. ఎవరైనా తిప్పుకుని తాగొచ్చు. అందుకని ఆ బడిలో పెద్దవాళ్ళంతా అంటరానితనం ఎప్పుడో పోయిందనే అనుకునేవాళ్ళు. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుని గుంపులుగా కూర్చునే వేళ, హాస్టల్ పిల్లల గుంపు ఎప్పుడూ విడిగానే ఎందుకు ఉంటుందని ఎవరూ అడగలేదు.

ఆ బడిలో నాకు దొరికిన భాగ్యం ఒక బీరువా. దాని నిండా కథల పుస్తకాలు. శనివారం శనివారం ఒకటి తెచ్చుకుని, సోమవారానికల్లా చదివేసి ఇంకోదాని కోసం నిలబడేదాన్ని. చదివేకొద్దీ నాకొక సంగతి అర్థమైంది. కథలో మంచిపిల్ల ఉంటే ఆ పిల్ల ఒంటి రంగు పాలమీగడ, మల్లెపువ్వు, పండువెన్నెల. నల్లటివాళ్ళు కూడా ఉండేవాళ్ళు, లేకేం! దొంగ నల్లగా ఉండేవాడు. మంత్రగత్తె నల్లగా ఉండేది. పిల్లలను గోతంలో వేసుకుని పోయే ముసలిది నల్లగా ఉండేది. రాకుమార్తె చెప్పులు మోసే దాసి కూడా నలుపే. మా వాడ లాంటి వాడ ఒక్క కథలోనూ లేదు. ఉంటే గింటే, పండక్కి పాతబట్టలు పంచిపెట్టే దయగల అబ్బాయి కథలో, చేతులు చాచుకుని నిలబడి ఉండేది.

నాకు ఒళ్ళు మండింది. చదవడం మాత్రం మానలేదు. మంచి కథ మంచి కథే, రాత్రి అన్నం మరిచిపోయి చదివినవీ ఉన్నాయి. కానీ పుస్తకం మూసి అద్దంలో చూసుకుంటే, ఆ కథలోకి నన్ను రానిచ్చే వాకిలి ఎక్కడా కనిపించేది కాదు. ఎవరో రాసేదాకా కాచుకుని కూర్చోవడం దేనికని నేనే రాశాను.

తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, పిల్లలు రాసిన కథల్లోంచి ఒకటి ఎంచి వార్షికోత్సవంలో నాటకం వేయిస్తామన్నారు. నా కథ చాలా చిన్నది. ఊరిబడిలో ఒక పిల్ల. నల్లగా ఉంటుంది, అందంగా ఉంటుంది. దాహమవుతుంది. మెట్టు కింద నిలబడి నీళ్ళు పోయమంటుంది. ఎవరూ పోయరు. గంట కొట్టబోతున్నారు. ఆ పిల్ల మెట్టెక్కి, మూత తీసి, గ్లాసు ముంచుకుని తాగుతుంది. ఎందుకు తాగావని అడిగితే "దాహమైంది, తాగినాను" అంటుంది. అంతే కథ.

మా తెలుగు టీచర్ ఆ కథనే ఎంచారు. ఆమెది గుడి కైంకర్యం చేసే వైష్ణవుల ఇల్లు. నుదుట సన్నటి ఎర్రటి గీత, మెత్తటి మాట, ఎవరినీ ఏమే అని కూడా అనని మనిషి. నా రాతలో తప్పులు దిద్దింది ఆమే, తన ఇంటి పుస్తకాలు తెచ్చి చదివించింది ఆమే. ఆమెను ఇప్పటికీ నోరారా తిట్టలేను. తిట్టకుండా ఉండనూ లేను. తరగతిలో అందరి ముందూ నన్ను నిలబెట్టి, "ఇంత చిన్న వయసులో ఎంత చక్కగా రాసిందో చూడండి" అన్నారు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద లేవు.

రిహార్సల్ మొదటి రోజున ఆ ఆనందం దిగిపోయింది. నా కథలో పిల్ల వేషం మా తరగతిలో అందరికంటే తెల్లటి అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయి మంచిదే. ప్రతి ఏడూ సీత ఆమే, భారతమాత ఆమే, కాబట్టి ఇది కూడా ఆమెకే.

"టీచర్, ఆ వేషం నేనేస్తా" అన్నాను.

టీచర్ నవ్వారు. "నువ్వు రచయిత్రివి కదమ్మా. తెర పక్కన నిలబడి మాటలు అందించు. అది ఇంకా పెద్ద పని."

"కథలో పిల్ల నలుపు టీచర్."

"దానికేం? మసి పూస్తాం."

"మసి పూసేది ఏంటికి టీచర్? నేనుండాను గదా."

టీచర్ నెమ్మదిగా, "స్టేజీ మీద కనబడాలి కదా, పెద్దవాళ్ళంతా వస్తారు" అన్నారు. ఏం కనబడాలో చెప్పలేదు. మసి పూసుకున్న తెల్లపిల్ల కనబడుతుందట, మసి అక్కర్లేని నల్లపిల్ల కనబడదట!

అక్కడితో ఆగలేదు. పిల్లకు చింకిపావడా, రేగిన జుట్టు అన్నారు. "మా అమ్మ నూనె పెట్టి దువ్వకుండా నన్ను గడప దాటనియ్యదు టీచర్" అంటే, "నీ సంగతి కాదులే, కథలో పిల్ల సంగతి" అన్నారు. చివర్లో ఇంకో మార్పు. కరణంగారబ్బాయి అనే పాత్ర కొత్తగా వచ్చింది. అతను జాలిపడి కుండలోంచి నీళ్ళు ముంచి దోసిట్లో పోస్తాడు. పిల్ల తాగి, "మీరు దేవుడు బాబూ" అని దండం పెడుతుంది. తెర పడుతుంది.

"నేనట్ల రాయలేదు టీచర్. పిల్లే ముంచుకోని తాగతాది."

"కోపంగా చెబితే ఎవరూ వినరమ్మా. చూసేవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరగాలి. అప్పుడు వాళ్ళ మనసు మారుతుంది. నీ మంచికే చెబుతున్నాను."

"వాళ్ళ కండ్లల్లో నీళ్ళు తిరిగితే ఆ పిల్ల దాహం తీరతాదా టీచర్?"

అడిగేశాను. ఆమె మొహం ఎర్రబడింది. కానీ ఆమె గొంతు పెంచే మనిషి కాదు. "ఇష్టమైతే మాటలు అందించు, లేకపోతే ఇంకొకరిని చూస్తాను" అన్నారు. ఉన్నది అదొక్క కథ. చేతిలోంచి పూర్తిగా పోనిచ్చుకోవడం ఇష్టం లేక ఒప్పుకున్నాను. రోజూ తెర పక్కన నిలబడి, "మీరు దేవుడు బాబూ" అని ఆ అమ్మాయికి అందిస్తుంటే, నా నోట్లోంచి వచ్చే ఆ మాటకు నాకే అసహ్యం వేసేది.

ఆదివారం నన్ను చూడటానికి నాయన వచ్చినప్పుడు, నేను రాసిన కథను నాటకం వేస్తున్నారని చెప్పాను. మాటలు అందించే సంగతి దాచాను. నాయన మొహం వెలిగిపోయింది. "నాకు డ్యూటీ ఉండాది గానీ, మీ యమ్మను పంపిస్తా. సిన్నపాపను గూడా తోడుకోని వస్తాది" అన్నాడు. చెల్లెలు అప్పుడు మా ఊరిబడిలో రెండో తరగతి. అదే కుండ, అదే మెట్టు.

వార్షికోత్సవం నాడు సాయంత్రం బడి ఆవరణలో పందిరి వేశారు. ముందు వరసలో కుర్చీలు, వెనక బెంచీలు, ఆ వెనక నిలబడేవాళ్ళు. కుట్టుపని నేర్పే గదిలో వేషాలు వేస్తున్నారు. దానికి ఒక భాగోతం మేళంలో వేషాలు దిద్దే ఆయనను పిలిపించారు. ముసలాయన. రేకుపెట్టె నిండా రంగులు. అర్దళం అని పసుపుపచ్చని పొడి ఉంటుంది, దాన్ని కొబ్బరినూనెలో రంగరించి మొహానికి మెత్తుతారు. దాంతో ఎంతటి ఎండలో తిరిగే మనిషైనా దీపాల వెలుతురులో రాజులాగా కనిపిస్తాడు. రాక్షసులకు మాత్రం దీపపు మసి.

తెల్లటి అమ్మాయిని ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి ఆయన మసి కలుపుతుండగా, ఆ అమ్మాయి తల్లి లోపలికి వచ్చింది.

"ఏంది టీచర్ ఇది? శుక్రవారం పూట ఆడపిల్ల మొగానికి మసి పూస్తారా?"

"వేషం అటువంటిదండీ. నల్లటి పిల్ల."

"నల్లపిల్లంటే? ఎవురు పిల్ల?" ఆమె ఆ చింకిపావడాను చూసింది. విషయం అర్థమైంది. "మాలపిల్ల యేసమా? ముందే సెప్పకూడదా! నాలుగు రోజులు పోతే పెండ్లి సెయ్యాల్సిన బిడ్డ. రేపు నలుగురూ ఏమనుకుంటారు?"

"అమ్మా, నాటకమే గదా" అని ఆ అమ్మాయి గొణిగింది. పాపం, ఆ పిల్లకు వేయాలనే ఉంది. తల్లి వినలేదు. చెయ్యి పట్టుకుని లేపింది. మసి పూయకుండా ఉన్న రంగుతోనే ఆడిద్దాం అని టీచర్ బతిమాలారు. "రంగు మార్చినా యేసం అదే గదా" అని ఆమె కూతుర్ని లాక్కుని వెళ్ళిపోయింది. నేను అక్కడే, ఆమె చీరచెంగు తగిలేంత దగ్గర్లో నిలబడి ఉన్నాను. ఆమెకు నేను కనబడలేదు.

బయట మైకులో మా నాటకం పేరు చెబుతున్నారు. టీచర్ నుదుట చెమట. గదంతా చూసి చివరికి నా దగ్గర ఆగారు.

"మాటలన్నీ నీకు వచ్చు కదూ?"

"అన్నీ నావే టీచర్" అన్నాను. ఒకటి నాది కాదని ఇద్దరికీ తెలుసు.

చింకిపావడా వేసుకోనన్నాను. బతిమాలే వేళ కాదు కాబట్టి సరేనన్నారు. నూనె రాసి దువ్విన జడతో, నా సొంత పావడా వోణీతో పీట మీద కూర్చున్నాను. వేషాలాయన కళ్ళు మూసుకోమన్నాడు. మొహం మీద చల్లగా నూనె, ఆయన వేళ్ళు చకచకా కదలడం తెలుస్తున్నాయి. ఎంత సంబరంగా ఉందో! నా కథలో పిల్లను నేనే. అమ్మ చూస్తుంది. చెల్లెలు చూస్తుంది.

"ఇంగ సూస్కో పాపా" అన్నాడాయన.

అద్దంలో ఎవరో ఉన్నారు. పచ్చటి మొహం, బుగ్గల మీద గులాబీ రంగు. ఆ మొహం కింద నల్లటి మెడ, అది నాది. నల్లటి చేతులు, అవీ నావే.

"ఏందయ్యా ఇది? నేను నల్లపిల్ల యేసం గదా!"

ఆయన ఆశ్చర్యపోయాడు. ఎగతాళి కాదు, నిజంగానే. "నాయకివి నువ్వే గదమ్మా? నాయకికి అర్దళమే యేస్తాం. మా తాత నాటినించీ ఇంతే. నలుపు రాకాసోళ్ళకి."

"నల్లపిల్లే నాయకి."

"నల్లపిల్ల నాయకి ఎట్లయితాది పాపా?"

ఆయన మొహం నా మొహంకంటే నలుపు. ఊళ్ళన్నీ తిరిగి ఎందరినో రాణులను చేసిన మనిషి, ఆ మాట నన్ను మనస్ఫూర్తిగా అడిగాడు. నేను జవాబు వెతుక్కునే లోపల టీచర్ వచ్చారు. నన్ను చూసి రెండు చేతులూ జోడించి, "అబ్బ! ఎంత బావున్నావమ్మా! నిన్ను ఎప్పుడూ ఇలా చూడనేలేదు" అన్నారు. అంతకుముందు అన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్కటీ ఒక ఎత్తు. ఆ మెచ్చుకోలుకు నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే రంగు చెదురుతుందని ఆపుకున్నాను. గంట కొట్టారు. నన్ను స్టేజీ మీదికి తోశారు.

స్టేజీ మీద చెక్కపెట్టె ఒకటి, అదే వరండా మెట్టు. పైన నిజం కుండ, నిజం నీళ్ళు. దీపాలు కళ్ళల్లో పడుతున్నా, వెనక బెంచీల్లో అమ్మను పోల్చుకున్నాను. పెళ్ళిళ్ళకు కట్టే ఎర్రంచు చీర కట్టుకుంది. పక్కన చెల్లెలు బెంచీ ఎక్కి నిలబడింది. అమ్మ కళ్ళు నన్ను దాటిపోయి తెర మూలల్లో వెతుకుతున్నాయి. నేను మొదటి మాటలు చెప్పాను. మెట్టు కింద నిలబడి దోసిలి పట్టాను. నీళ్ళు పోయమని అడిగాను. ఎవరూ పోయలేదు. జనం మౌనంగా చూస్తున్నారు. ఆ మౌనంలో వెనకనుంచి నా చెల్లెలి గొంతు పందిరంతా వినబడింది.

"అక్క యాడమా?"

కొందరు నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా కథ చూడటానికి పాకాలనుంచి రైలెక్కి వచ్చిన నా చెల్లెలికి, నా కథలో నేను కనబడలేదు.

అప్పుడే కరణంగారబ్బాయి వేషంలో ఉన్న పొడుగాటి అమ్మాయి గ్లాసు పట్టుకుని వచ్చింది. "పాపం, దాహంగా ఉందా? ఇదిగో, దోసిలి పట్టు" అంది. ఈసారి నేను దోసిలి పట్టలేదు. మెట్టెక్కాను. కుండ మూత తీసి పక్కన పెట్టాను. రెండు చేతులూ నీళ్ళలో ముంచి మొహం మీద కొట్టుకున్నాను. తెర పక్కనుంచి టీచర్ నా పేరు పెట్టి పిలుస్తున్నారు. మళ్ళీ నీళ్ళు కొట్టుకున్నాను. కొబ్బరినూనెలో కలిపిన రంగు నీళ్ళకు పోదని నాకేం తెలుసు? పోలేదు. వోణీ కొంగు తీసి రుద్దాను. బుగ్గ మంట పుట్టేదాకా రుద్దాను. పచ్చరంగు చారలు చారలై మెడమీదికి కారింది. ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. నుదురు బయటపడింది. ఒక బుగ్గ బయటపడింది. ముక్కు బయటపడింది.

"అద్దో అక్క!" అని చెల్లెలు అరిచింది.

పొడుగాటి అమ్మాయి చేతిలోంచి గ్లాసు తీసుకుని కుండలో ముంచి తాగాను. నటన కాదు, నా నోరు ఎండిపోయి ఉంది. ఆ నీళ్ళు కొబ్బరినూనె వాసన కొట్టాయి. గ్లాసు దించి జనం వైపు తిరిగి, నేను రాసిన మాటే చెప్పాను.

"దాహమైంది, తాగినాను."

ఆ తర్వాతది రాసింది కాదు, దానంతటదే వచ్చింది. "ఎవురన్నా అడగాలంటే ఈడికొచ్చి అడగండి."

ఎవరూ రాలేదు. తెర గబగబా లాగేశారు. తెర పడ్డాక కాసేపటికి వెనక బెంచీల్లోంచి చప్పట్లు వినిపించాయి. అవి మా హాస్టల్ పిల్లలవని తర్వాత తెలిసింది.

లోపల టీచర్ నాకు ఎదురొచ్చారు. "నాటకం చెడగొట్టావు. అంతమందిలో నా పరువు తీశావు" అన్నారు.

"నాటకం నాది టీచర్. పరువు సంగతి నాకు తెలీదు."

అంత మాట ఆమెతో అనగలనని నేనెప్పుడూ అనుకోలేదు. అన్నందుకు ఈనాటికీ విచారం లేదు. ఆ ఏడంతా ఆమె నాతో మాట్లాడలేదు. నా వ్యాసాలు మాత్రం ఎప్పటిలాగే శ్రద్ధగా దిద్దేవారు. మార్కులు అందరికంటే నాకే ఎక్కువ వేసేవారు. హాస్టల్లో వార్డెన్ నన్ను నిలబెట్టి గట్టిగా చివాట్లు పెట్టింది. ఇంకోసారి ఇలా చేస్తే ఇంటికి పంపిస్తానంది.

వేషాలాయన ఒక నూనెసీసా, పాతగుడ్డ తెచ్చి మా అమ్మ చేతికిచ్చాడు. "నీళ్ళకి పోదమ్మా, నూనెతో తుడువు" అన్నాడు. బడి వెనక అరుగు మీద కూర్చోబెట్టి అమ్మ నా మొహం తుడిచింది. మెచ్చుకుంటుందేమోనని చూశాను. మెచ్చుకోలేదు.

"ఏంటికిమే నీకంత కోపం? ఆస్టల్లోనించి తీసేస్తే ఏం సేస్తావు? సదువు పోతే మళ్ళా సేన్లోకే గదా వస్తావు?" అని తిడుతూనే ఉంది. చేతులు మాత్రం చెవుల వెనక, కనుబొమల్లో, ఎక్కడా రంగు మిగలకుండా నెమ్మదిగా తుడుస్తూనే ఉన్నాయి.

చెల్లెలు నా ఎదురుగా నిలబడి అంతా చూసింది. "అక్కా, అవి నిజం నీళ్ళేనా?"

"నిజం నీళ్ళే."

"నువ్వే ముంచుకున్న్యావా?"

"నేనే."

"ఎవురూ కొట్లేదా?"

"కొట్లేదు."

రైలు టైమవుతోందని అమ్మ దాని చెయ్యి పట్టుకుని స్టేషనుకు వెళ్ళిపోయింది.

పిల్లల కథలు ఏం చేస్తాయండీ, కాలక్షేపం తప్ప అనే మాట నేను చాలా సభల్లో విన్నాను. అక్కడే కోపంగా ఏదో ఒకటి అంటాను. అనాల్సింది మాత్రం ఇది. ఉగాదికి నేను ఇంటికి పోయేసరికి అమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి, "సూడు నువ్వు సేసిన పని" అంది.

చెల్లెలు ఊరిబడిలో మెట్టెక్కి, మూత తీసి, గ్లాసు ముంచుకుని తాగింది. ఎవరు నేర్పారని అయ్యవారు అడిగితే, "మా యక్క నాటకంలో తాగింది" అని చెప్పింది. బెత్తంతో కొట్టారు. కుండను రాళ్ళ మీద పగలగొట్టించారు. మర్నాడు కొత్త కుండ వచ్చింది. నా చెల్లెలు మళ్ళీ మెట్టెక్కి తాగింది. ఆ కుండనూ పగలగొట్టారు. అమ్మను చేలల్లో పనికి రావద్దన్నారు. ఆ పంటకాలమంతా మా ఇల్లు నాయన జీతం మీదే నడిచింది. చెల్లెలి అరచేతులు చూశాను. బెత్తం వాతలు ఇంకా ఉన్నాయి. నేను ఏడుస్తుంటే అది వింతగా చూసి, "నొప్పి పొయ్యిందిలే అక్కా" అంది.

నేను ఇంట్లో ఉండగానే ఊరి పెద్దలు మా వాకిటికి వచ్చారు. వాళ్ళు అడుగు పెట్టింది మా వాడలోకి, అదే పెద్ద విశేషం. మా నాయన వాళ్ళ ముందు ఎప్పుడూ తలపాగా తీసి చంకలో పెట్టుకుని నిలబడేవాడు. ఆ రోజు పని మీదనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. తలపాగా తీయలేదు.

"నీ బిడ్డకి బుద్ధి సెప్పుకోప్పా" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "ఎన్ని కుండలని పగలగొట్టాల మేము?"

నాయన చెంబు కింద పెట్టాడు. చెల్లెలిని దగ్గరికి తీసుకున్నాడు. గొంతు పెంచలేదు.

"పగలగొట్టుకోండప్పా. నా బిడ్డకి దాహం రోజూ అయితాది."